కుడికాలి మెట్టె

రాయి లేదని నాకు తెలుసు. అయినా చెప్పు విప్పి ఇంకోసారి దులిపాను. ఏమీ రాలలేదు. కుడికాలి కింద, వేళ్లు మొదలయ్యే చోట, రెండో వేలికీ మూడో వేలికీ సరిగ్గా అడుగున చింతగింజంత రాయి ఒకటి కూర్చుని ఉంది. నిలబడితే గుచ్చుతుంది, నడిస్తే మండుతుంది, ఇలా కూర్చున్నా ఊరుకోదు, నేనిక్కడే ఉన్నానులే అని ఉండుండి వేలి చివరిదాకా జివ్వున లాగుతుంది. చిన్నబజారు సందులో షాహుల్ వెండి కొట్టు అరుగు మీద ఉన్నాను. షాహుల్ తలుపు సగం మూసి, టోపీ సర్దుకుంటూ, “జుమ్మాకు పోయొస్తానక్కా, గంటలో వచ్చేస్తా, యాడికీ పోబాకండి,” అని వెళ్లాడు. ఎక్కడికి పోతాను? నా పక్కన చక్రాల కుర్చీలో మా ఆయన హజరత్తయ్య తల ఒక పక్కకు వాల్చి కునుకు తీస్తున్నాడు. పొద్దున ఆసుపత్రిలో చెయ్యీ కాలూ ఆడించే కసరత్తు చేయించారు, అలిసిపోయాడు. ఈ కొట్టుకు ఎందుకొచ్చామో ఆయనకు నిజం చెప్పలేదు. గంటలోపు చెప్పాలి, లేదంటే లేచి ఈ కుర్చీ తోసుకుంటూ ఊరికి వెళ్లిపోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు.

మెట్టె తీయాలి. సంగతి అంతే, చెప్పడానికి రెండు మాటలు. నా కుడికాలి రెండో వేలు వాచి వంకాయ రంగుకు తిరిగింది, మెట్టె కండలో దిగబడిపోయింది. డాక్టరమ్మ నా కాలు చేత్తో పట్టుకుని వేళ్ల కింద నొక్కుతుంటే నొప్పికంటే ముందు నాకు సిగ్గేసింది, పొద్దున బస్సెక్కేటప్పుడు బురద తొక్కిన కాలది. “పాదం ముందు భాగంలో నొప్పికి చాలా కారణాలుంటాయమ్మా,” అంది ఆమె. చెప్పులు పలచబడి ఉండొచ్చంట, వట్టి కాళ్లతో గచ్చు మీద తిరగడం వల్ల కావొచ్చంట, వేళ్ల మధ్య నరం వాచొచ్చంట, ఎముక వెంట్రుకవాసి చిట్లొచ్చంట, ఒంట్లో యూరిక్ యాసిడ్ పెరిగి ఉండొచ్చంట. అవన్నీ ఎక్స్‌రే తీసి రక్తం చూసి తేలుస్తాను గానీ ముందు ఈ మెట్టె రావాలి, వేలికి రక్తం ఆడటం లేదు, మీకు షుగరుంది, ఆలస్యం చేస్తే వేలే తీయాల్సి వస్తుంది, ఈరోజే తీయించుకోండి, అంది. నవోమి అని నర్సమ్మ, మంచి పిల్ల, సబ్బు రాసింది, నూనె రాసింది, దారం చుట్టి లాగింది. “రాదు మేడమ్, కోయాల్సిందే,” అంది చివరికి. వేలనుకుని నా పైప్రాణాలు పైనే పోయాయి. తర్వాత అర్థమైంది, మెట్టె. ఇంత మందం వెండికి మా దగ్గరున్న కట్టరు పళ్లు పట్టవు, వెండి పనివాళ్ల దగ్గరికి పొమ్మంది. వేలనుకున్నప్పుడే కాస్త నయంగా ఉండింది, నిజం చెప్పాలంటే.

తలా ఒక కారణం చెప్పారు ఈ నొప్పికి, అడిగినవాళ్లూ అడగనివాళ్లూ. మందుల కొట్టతను చూడకుండానే ఆనెకాయ అని పట్టీ ఇచ్చాడు. చేలో కలుపుకు వచ్చే మునెయ్య వాతం అన్నాడు, వావిలాకు కట్టమన్నాడు. మా పక్కింటి సర్దార్‌బీ నా చెప్పులు చేత్తో పట్టుకుని ఎండకు ఎత్తి చూసి, “ఏందిమే ఇవి, అవతలి మనిషి కనిపిస్తా ఉండాడు వీటిలోంచి,” అని నవ్వి తన కొత్త చెప్పులు ఇచ్చింది. నాకు మాత్రం ముల్లనే నమ్మకం. మైపాడు దారిలో మా ఊరి చుట్టూ ఎక్కడ చూసినా సర్కారు తుమ్మే, ఆ ముల్లు దిగితే విరిగి లోపలే ఉండిపోతుంది. నెలల తరబడి మధ్యాహ్నం పూట వాకిట్లో కూర్చుని పిన్నీసుతో వెతికాను. కాలు తిప్పి ఒళ్లో పెట్టుకుని, అద్దాలు పెట్టుకుని, చర్మం చీల్చుకుని మరీ వెతికాను. షుగరు మనిషి చేసే పనేనా అది అని నర్సమ్మ తిట్టింది. ఏం చెయ్యను, ముల్లయితే తీసేస్తే పోతుంది కదా అని ఆశ. పెళ్లయిన కొత్తలో ఒకసారి నిజంగానే దిగింది. నారు మోసుకుంటూ గట్టు మీద కూలబడిపోయాను. ఈయన అటు చూశాడు, ఇటు చూశాడు, మా అత్త అవతలి మడిలో వంగి ఉంది, ఇంకెవరూ లేరని చూసుకుని గబుక్కున నా కాలు తన మోకాలు మీద పెట్టుకుని పళ్లతో లాగాడు. పళ్లతో! ఎవరన్నా చూస్తే పెళ్లాం కాళ్లు నాకుతున్నాడని ఊరంతా ఏడాదిపాటు నవ్వుకునేవాళ్లు. ముల్లు ఉమ్మేసి ఏమీ ఎరగనట్టు పార పట్టుకుని పోయాడు. ఆ సాయంత్రమంతా నా మొహం చూడలేదు.

డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది. “బరువులు ఎత్తుతారా?” అంది. “ఏం బరువులమ్మా, ఇంటిపనే,” అన్నాను. నా నోటి వెంట అట్లాగే వచ్చింది. అబద్ధమాడాలని కాదు. బయటికొచ్చి ఈయన్ని కుర్చీలో సర్దుతుంటే కాలు కింద మంట లేచింది, అప్పుడు తోచింది. రెండేళ్లుగా రోజూ పొద్దున లేపుతాను. ఆయన కుడిచెయ్యి, అది చచ్చుబడిన చెయ్యి, నా మెడ మీద వేసుకుంటాను, నా కుడికాలు ముందుకు వేసి ముని భాగం మీద మొత్తం బరువు ఆన్చి, ఊపిరి బిగబట్టి ఒక్క తోపు. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బాత్రూముకు, మళ్లీ కుర్చీకి, మళ్లీ మంచానికి. మనిషి తగ్గాడు గానీ పక్షవాతం వచ్చిన మనిషి బరువు తగ్గదు, సగం ఒళ్లు సాయం రాదు కదా. ఆ బరువంతా పోయి పోయి ఎక్కడ దిగుతుందంటే సరిగ్గా ఆ చింతగింజ ఉన్న చోట. మరి బరువులెత్తుతావా అంటే లేదన్నాను. వడ్ల మూటలయితే అవునని చెప్పేదాన్నే. ఈయన్ని బరువని ఎట్లా చెప్పడం? ఎవరితో చెప్పినా ఆ మాట తిరిగి తిరిగి ఈయన చెవిన పడుతుంది, మాట రాదు గానీ చెవులు బాగానే పని చేస్తాయి.

మాట అంటే ఒక్కటి మిగిలింది. నిదానం. కోతల నాడు ట్రాక్టరు మీద మూటలు వేయిస్తూ అరిచే మాట అది, “నిదానం, నిదానం రా అబ్బయా, గోతం చినగతాది” అని. పక్షవాతం వచ్చి అన్ని మాటలూ ఊడ్చుకుపోతూ దాన్నొక్కదాన్నీ వదిలేసింది. అన్నం పెట్టనా అంటే నిదానం. కోపమొస్తే నిదానం. టీవీలో ఎవడో నవ్విస్తే కూడా నిదానమే. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత నవ్వొచ్చేది, ఇప్పుడు అర్థమవుతోంది, ఏ నిదానం ఆకలిదో ఏ నిదానం కోపందో. పేరు చూస్తే హజరత్తయ్య, మా అత్త కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు. ఎన్ని మొక్కినా ఇంకో మాట రాలేదు.

ఎండ అరుగు అంచుదాకా వచ్చింది. కుర్చీని కాస్త నీడకు లాగాలి. లేవాలంటే భయం, కుడికాలు కింద పెట్టాలి. ఎడమకాలి మీద లేచి, కుర్చీ పట్టుకుని జరిపాను. ఆయన కళ్లు తెరవలేదు. ఒళ్లో ప్లాస్టిక్ కవరు మాత్రం ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. ఆ కవరే నా అబద్ధం. అందులో ఆయన వెండి మొలతాడు ఉంది. ఆసుపత్రి నుంచి ఈ సందులోకి తిప్పినప్పుడు ఇంటికి కాదు కదా ఇటెటు అన్నట్టు నిదానం నిదానం అంటుంటే, “నీ మొలతాడు అతికిద్దాంలే మావా, రెండేళ్లుగా పెట్లో పడుండాది,” అన్నాను. పొద్దున బయల్దేరేటప్పుడే సంచిలో వేసుకున్నాను, అంటే కోయాల్సి వస్తుందని నాకు ముందే తెలుసన్న మాట. ఆ మొలతాడు తెగింది ఆయన పడిపోయిన నాడు. స్కానింగులోకి లోహం పోకూడదని ఎవరో కత్తెర లాంటిదేదో తెచ్చి కట్ మని కోసి, ఈ కవరులోనే వేసి నా చేతిలో పెట్టారు. అప్పుడు నాకు ఏ ఆలోచనా లేదు. మనిషి దక్కుతాడా లేదా, అదొక్కటే. ఇంటికొచ్చాక నల్లదారం కడదామంటే నడుం మీద పుండు పడుతుందని కట్టలేదు.

ఈరోజు శుక్రవారం. అదొకటి. శుక్రవారం పూట ఇంట్లోంచి చీపురు కూడా ఎవరికీ ఇవ్వం, అట్లాంటిది ముత్తైదువ మెట్టె తీయడమా? మా అత్త బతికుంటే డాక్టరమ్మను శాపనార్థాలు పెట్టి ఉండేది. మెట్టెలు ఎప్పుడు తీస్తారో ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. పదోరోజు తీస్తారు, మిగతా వాటితో పాటు. మా అమ్మకు తీస్తున్నప్పుడు చూశాను, పక్కనున్న ఆడవాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. గూడూరులో ఉన్న మా కూతురు భానుప్రియకు ఫోను చేస్తే, “మెట్టె తీస్తే నాయనకేమన్నా అవుతాదా అమ్మా? నాయనకు వచ్చింది బీపీ మాత్రలు మానేసినందుకు. నీ కాలు పోతే మీ ఇద్దరినీ లేపేదెవరు?” అని కసిరింది. దానికేం, అది పెళ్లిళ్లకు పోయేటప్పుడు పెట్టుకుంటుంది, రాగానే డబ్బాలో పడేస్తుంది, దాని మొగుడు దిట్టంగా నిమ్మకాయల మండీలో కూర్చుని ఉన్నాడు. అది చెప్పింది నిజమే. నాకూ తెలుసు. తెలిసినా కాలు కదలదు. ముప్పై ఏళ్లుగా వేలికున్నది పోతుంటే వేలికేం తెలుస్తుంది సైన్సు.

సన్నికల్లు మీద నా కాలు పెట్టించింది ఈయనే. పెళ్లి పందిట్లో కూర్చుని, నా కుడిపాదం రెండు చేతులతో ఎత్తి రాతి మీద పెట్టాడు. రాయి చల్లగా ఉంది, పసుపు నీళ్లు పోసి ఉన్నాయి, నా వేళ్ల కింద గరుకుగా తగిలింది, కొత్తగా గంట్లు కొట్టించినట్టున్నారు. రాయిలా స్థిరంగా ఉండమని పంతులు ఏదో చదివాడు. ఈయన చేతులు వణుకుతున్నాయి, మెట్టె వేలికి ఎక్కలేదు, పక్కనున్న ఆడవాళ్లు “ఏందబ్బయా, వరి కోసే చెయ్యి మెట్టె తొడగలేదా” అని ఎగతాళి. చెవులు ఎర్రబడ్డాయి ఆయనకు. నేను తలొంచుకునే ఉన్నాను గనక ఆ చెవులే చూశాను ముందు, ముఖం తర్వాత చూశాను. పెళ్లినాడు తప్ప మళ్లీ మగడు పెళ్లాం కాలు ముట్టడు, ముట్టనివ్వకూడదు కూడా, ఆడదానికి ఆయుష్షు తగ్గుతుందంటారో పాపమంటారో. ఆ గట్టు మీది ముల్లు ఒక్కటే లెక్కలోకి రానిది. ఇప్పుడు ఈ నొప్పి లేచినప్పుడల్లా ఆ రాయే ఇంకా నా కాలి కింద ఉన్నట్టుంటుంది. ఎవరూ తీయడం మర్చిపోయినట్టుంటుంది.

అసలు భయం శకునానిదేనా అని అడుగుతున్నారు లోపల ఎవరో. పోయిన వర్షాలప్పుడు బాత్రూములో నా చేతుల్లోంచి జారాడు. తడి గచ్చు, నా కాలు మంటెత్తి పట్టు తప్పింది, ఇద్దరం కూలబడ్డాం. ఆయన మీద నీళ్లు కారుతున్నాయి, కుళాయి కట్టేయాలి, నేను లేవలేదు. అప్పుడు ఒక మాట వచ్చి పోయింది మనసులో, ఎంతసేపు, కన్నార్పినంత. ఇది అయిపోతే బాగుండు, అని. ఏది అయిపోతే? నొప్పా, రోజూ లేపడమా, ఆయనా? తేల్చుకోలేదు, కుళాయి కట్టేశాను. ఆ మాట అనుకున్న ఆడదే ఇప్పుడు వచ్చి మెట్టె తీయించుకుంటోంది, అదీ మొగుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని. ఆయన ఏమనుకుంటాడు? నేను విసిగిపోయాననుకుంటాడు. తను పోయే రోజు కోసం నేను ఒక్కొక్కటీ తీసి పెట్టుకుంటున్నాననుకుంటాడు. కాదని చెప్పొచ్చు, వెయ్యిసార్లు చెప్పొచ్చు, తిరిగి ఒక్క మాట అనలేని మనిషికి ఎంత చెప్పినా నమ్మాడో లేదో ఎట్లా తెలుస్తుంది? పోనీ వేలే పోనిద్దామా? వేలు పోతే కాలుదాకా వస్తుందంది డాక్టరమ్మ, మా ఊళ్లోనే చూశాను, షుగరుతో బొటనవేలని మొదలుపెట్టి మోకాలుదాకా పోయినవాళ్లను. అప్పుడు ఈయన్ని రేపు పొద్దున లేపేదెవరు? నేను మంచాన పడితే ఈయన ఆ మంచం మీదే ఉండిపోతాడు. మెట్టె ఉంచుకుని మనిషిని పోగొట్టుకోవడమా, మెట్టె తీసి మనిషి మనసు పోగొట్టుకోవడమా? నాకు దేవుడి మీద కోపం వచ్చింది, ఆ మీదట వెండి మీద కూడా.

సందులో మనుషులు పెరిగారు. తెల్లచొక్కాలు, టోపీలు, అత్తరు వాసన, భుజాన పిల్లలు. నమాజు అయిపోయింది. షాహుల్ వస్తూనే తలుపు తోసి, చిన్న పీట ఒకటి తెచ్చి నా ముందు వేసి, కళ్లద్దం పెట్టుకుని వేలు చూశాడు. “అబ్బా, ఏందక్కా ఇంతదాకా ఉంచుకున్నావు?” అన్నాడు. “కింద సన్న రేకు దూర్చి రంపంతో కోస్తా. నొప్పుంటాది, ఓర్చుకోవాల.” ఆ గొంతుకు ఈయన కళ్లు తెరిచాడు. షాహుల్ వైపు చూశాడు, పీట వైపు చూశాడు, కవరు ముందుకు చాపాడు, మొలతాడు ఇదిగో అన్నట్టు. “నిదానం,” అన్నాడు.

అప్పుడిక అబద్ధం చెప్పలేకపోయాను. ఆ చాపిన చెయ్యి చూసి నోరు పెగిలింది. “మొలతాడు కోసరం కాదు మావా,” అన్నాను. “నా మెట్టె కోసరం వచ్చినా. వేలు నల్లబడిపోయుండాది. కొయ్యకపోతే వేలు పోతాదంట, కాలు పోతాదంట. నువ్వు వద్దంటే వద్దు, పోదాం ఇంటికి.” చెప్పి నేల చూశాను. షాహుల్ రంపం పక్కన పెట్టి లోపల ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగాడు. నిదానం అన్న మాట కూడా రాలేదు. సందులో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. తల ఎత్తితే ఆయన ఎడమచెయ్యి కవరు వదిలేసి నడుం దగ్గర తడుముకుంటోంది. చొక్కా అంచు పట్టుకుని పైకి లాగాడు. బోసి నడుం. మొలతాడు ఉండిన చోట చుట్టూ తెల్లటి గీత ఇంకా పోలేదు. ఆ గీత మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు గీశాడు. తర్వాత ఆ వేలే తిప్పి నన్ను చూపించాడు. మళ్లీ గీత, మళ్లీ నేను. నాకు మూడోసారికి గానీ తలకెక్కలేదు. పెళ్లాం పోయిన మగవాడికే కదా మొలతాడు తెంపుతారు. ఆయనది తెంపి రెండేళ్లయింది. నేను బతికే ఉన్నాను, ఎదురుగా, కాలు చాపుకుని. ఇంత చిన్న సంగతి గంటసేపు కూర్చున్న నాకు తట్టలేదు, మాటలేని మనిషికి తట్టింది.

“కొయ్యి షాహులూ,” అన్నాను. “కోసి, విడదీసి వదిలెయ్. నువ్వు తియ్యబాక.”

రంపం గీసినంతసేపూ ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది. వెండి పొడి తెల్లగా పీట మీద రాలింది. పటుక్కుమంది, షాహుల్ పట్టకారుతో రెండు కొసలూ దూరం చేసి, లేచి నిలబడ్డాడు. మెట్టె ఇంకా వేలి మీదే ఉంది, వదులుగా. నేను కాలు ఎత్తి ఆయన మోకాలు మీద పెట్టాను. బజారు మధ్యలో, ముస్లిముల బజారులో, జుమ్మా అయిపోయి జనం వస్తున్న వేళ, మొగుడి మోకాలు మీద పెళ్లాం కాలు. ఇద్దరు ఆడవాళ్లు నిలబడి మరీ చూశారు. నిండా మునిగినవాడికి చలేమిటి. ఆయన వంగాడు, వంగగలిగినంత వంగాడు. ఎడమచెయ్యి మొదటిసారి జారింది, రెండోసారి పట్టు దొరికింది. పెట్టిన చెయ్యే తీసింది. మెట్టె కింద చర్మం లోతుగా గాడి పడి తెల్లగా ఉంది, పెళ్లినాటి రంగది, చుట్టూ నా వేలు మాత్రం ముసలిది. మెట్టెను కవరులో మొలతాడు పక్కన వేశాడు. “రెండూ అతకమంటావా అక్కా?” అన్నాడు షాహుల్ మెల్లగా. ఈయన తల అడ్డంగా ఊపి కవరు ఒడిలోకి లాక్కున్నాడు.

కాలు తీసుకోబోయాను. వదల్లేదు. ఆయన బొటనవేలు నా పాదం కిందికి జరిగింది, వేళ్లు మొదలయ్యే చోటికి, రెండో వేలికీ మూడో వేలికీ సరిగ్గా అడుగుకు వెళ్లి ఆగింది. అక్కడ నొక్కాడు. నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, ఆ చోటు ఎక్కడో చూపించలేదు. పిన్నీసుతో గుచ్చుకునేటప్పుడు వాకిట్లోకి పోయేదాన్ని. మరి ఎట్లా తెలిసింది? రోజూ పొద్దున లేపేటప్పుడు నా ముఖం ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది, ఏ కాలు ఆన్చినప్పుడు నా పళ్లు బిగుసుకుంటాయో రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. ఆయనకు బరువు సంగతి తెలుసు. నాకంటే ముందే తెలుసు. డాక్టరమ్మ దగ్గరికి తిరిగి పోయి చెప్పాలి, ఎత్తుతానమ్మా, మా ఆయన్ని ఎత్తుతాను, రోజూ ఎత్తుతాను అని. ఆయన ముందే చెప్పాలి. వేలు ఆ రాయి మీద అటూ ఇటూ మెల్లగా తిరుగుతోంది, ఆయన నా ముఖం చూస్తున్నాడు, ఇక్కడేనా అన్నట్టు. “నిదానం?” అన్నాడు.

“అక్కడే మావా,” అన్నాను. “అక్కడే.”